స్లొవేనియాలో ఒంట్లో బాగోకపోతే: ఎక్కడ దిగాలి, ఏ మాట అనాలి

క్రాన్‌స్కా గోరా నుంచి వర్షిచ్ కనుమ మీదుగా సోచా లోయలోకి దిగే దారిలో 50 మలుపులు ఉన్నాయి. ఎక్కేటప్పుడు 24, దిగేటప్పుడు 26. కనుమ ఎత్తు 1611 మీటర్లు. ఎక్కే వైపు మలుపుల్లో తారుకి బదులు రాళ్ళు పరిచారు కాబట్టి తిప్పుడికి కుదుపు కూడా తోడవుతుంది. పదో మలుపు దాటేసరికి వెనక సీట్లో ఎవరో ఒకరి మొహం పాలిపోతుంది. అప్పుడు డ్రైవరుతో అనాల్సింది రెండు ముక్కలు: "స్లాబొ మి యె. ఉస్తావితె, ప్రోసిమ్." నాకు వాంతి వచ్చేలా ఉంది, ఆపండి.

ఈ మొదటి వాక్యాన్ని మాటకి మాట విప్పితే స్లాబొ అంటే బాగోలేదు, మి అంటే నాకు, యె అంటే ఉంది. ఇంగ్లీషులో 'నేను' ముందు రావాలి, తెలుగులో జబ్బు మాటలన్నీ 'నాకు'తోనే మొదలవుతాయి. స్లొవేనియన్‌లోనూ అంతే. "వర్తీ సె మి" అంటే నాకు తిరుగుతోంది, అంటే కళ్ళు తిరుగుతున్నాయి. "మర్జ్‌లొ మి యె" అంటే నాకు చలిగా ఉంది. ఇక్కడ ఇంగ్లీషు లోంచి అనువాదం చేసుకుంటే తప్పుతుంది, తెలుగు లోంచి చేసుకుంటే చాలావరకు కుదురుతుంది.

ఒక్క చిక్కు ఉంది. "స్లాబొ మి యె" అనగానే వినేవాళ్ళకి తట్టేది వికారమే. జ్వరంతో నీరసంగా ఉండి ఆ మాట అంటే చేతికి ప్లాస్టిక్ సంచీ అందిస్తారు. ఊరికే ఒంట్లో బాగోలేదని చెప్పాలంటే "స్లాబొ సె పొచూతిమ్". జబ్బు చేసిందని చెప్పడానికి మగవాళ్ళు "బోలన్ సమ్" అంటారు, ఆడవాళ్ళు "బోల్నా సమ్" అంటారు. జలుబుకీ ఇదే తేడా: "ప్రెహ్లాయెన్ సమ్", "ప్రెహ్లాయెనా సమ్".

నొప్పికి ఒకే అచ్చు. "బొలీ మె" అని మొదలుపెట్టి పక్కన ఒంట్లో భాగం పేరు చేర్చడమే. గ్లావా తల, గర్లొ గొంతు, త్రేబుహ్ పొట్ట, హర్బెత్ వీపు, జోప్ పన్ను, ఉహో చెవి. నొప్పెట్టేవి ఒకటికి మించితే బొలీ కాస్తా బొలీయొ అవుతుంది: "బొలీయొ మె కొలేనా", మోకాళ్ళు నొప్పి. బ్లెడ్ సరస్సు మధ్య ద్వీపంలో చర్చికి 99 మెట్లు, ష్కోత్సియాన్ గుహల్లో 500 దాకా మెట్లు ఉన్నాయి కాబట్టి పెద్దవాళ్ళని వెంటబెట్టుకొచ్చినవాళ్ళకి ఎక్కువగా అక్కరకొచ్చేది ఈ వాక్యమే.

ఉచ్చారణ భయపెట్టేంత కష్టం కాదు. రోమన్ లిపిలో సి అక్షరం కనబడితే అది మన చలి, చాప మాటల్లో పలికే దంత్య చకారం. దాని నెత్తిన చిన్న కొక్కెం ఉంటే చెట్టు, చీమలో పలికే చ. ఇంగ్లీషు జె ఉన్నచోట య పలకాలి. ఆస్పత్రి పేరు చూసి ఇంగ్లీషు వాళ్ళు తడబడే చోట మనకి నోరు దానంతటదే తిరుగుతుంది: బొల్నీష్నిత్సా.

డాక్టరు మొదట అడిగేది "కాయ్ వాస్ బొలీ?", ఏం నొప్పెడుతోంది అని. ఇందులో వాస్ అంటే మిమ్మల్ని. మన మీరు, నువ్వుల్లాగే అక్కడా గౌరవానికి వేరే మాట ఉంది, కొత్తవాళ్ళతో మీరు అనే మాట్లాడతారు. తర్వాతది "ఒద్ గ్దాయ్?", ఎప్పటినుంచి? జవాబుగా "ఒద్ ఉచేరయ్" అంటే నిన్నటినుంచి, "త్రి ద్ని" అంటే మూడు రోజులు. జ్వరం ఉంటే "ఇమామ్ వ్రొచీనొ", దగ్గుకి "కాష్ల్యమ్", వాంతులకి "బ్రూహమ్", విరేచనాలకి "ఇమామ్ ద్రీస్కొ". షుగరు ఉన్నవాళ్ళకి అన్నిటికన్నా తేలిక: "ఇమామ్ స్లత్కోర్నొ బొలేజెన్". స్లాత్కోర్ అంటే చక్కెర, బొలేజెన్ అంటే జబ్బు. వాళ్ళూ షుగరు జబ్బు అనే అంటారన్నమాట. బీపీని మామూలు మాటల్లో ప్రితీస్క్ అంటారు. తప్పకుండా నోటికి రావాల్సినవి ఇంకో రెండు: "తేష్కొ దీహమ్", ఊపిరి ఆడటం లేదు, "బొలీ మె ఉ పర్సిహ్", ఛాతీలో నొప్పి. ఈ రెంటికీ మందుల షాపు వెతుక్కోకూడదు, 112కి ఫోన్ చేయాలి.

రాజధాని ల్యుబ్ల్యానాలో ఇంగ్లీషుతో పని జరిగిపోతుంది. ఫార్మసిస్టులు, కుర్ర డాక్టర్లు చక్కగా మాట్లాడతారు. ఈ వాక్యాల అవసరం పల్లెల్లో, పర్యాటకులకి గదులిచ్చే రైతుల ఇళ్ళలో, రాత్రి డ్యూటీలో ఉన్న పెద్దవయసు నర్సు దగ్గర పడుతుంది. అందుకే ఎక్కడ దిగాలన్న ప్రశ్నకి జవాబు, ఎవరిని తీసుకొస్తున్నారన్నదాన్ని బట్టి మారుతుంది.

పసిపిల్లలో, గుండెజబ్బు ఉన్న తల్లిదండ్రులో వెంట ఉంటే మకాం ల్యుబ్ల్యానాలోనే పెట్టి మిగతా ఊళ్ళు పగటిపూట చూసి రావడం మేలు. దేశంలో అతిపెద్ద ఆస్పత్రి, యూనివర్సిటీ క్లినికల్ సెంటర్, అక్కడే జాలోష్కా రోడ్డులో ఉంది. బ్లెడ్ గంట లోపు దూరం. బ్లెడ్‌లోనే బస చేసినా భయం లేదు: ఊళ్ళో జ్ద్రావ్స్త్వెని దోమ్, అంటే ప్రాథమిక వైద్యశాల, ఉంది. పెద్ద ఆస్పత్రి యెసెనీత్సెలో, పదిహేను కిలోమీటర్ల లోపు. బోహిన్ సరస్సు బ్లెడ్ కన్నా అందం, జనం తక్కువ, కానీ బ్లెడ్ నుంచి మరో పాతిక కిలోమీటర్లు లోపలికి వెళ్ళాలి. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి బోహిన్‌నే సిఫారసు చేయాలి.

బోవెత్స్ లెక్క వేరు. తెప్పల మీద సోచా నదిలో దిగడానికి, కొండలెక్కడానికి అంతకు మించిన చోటు లేదు. కానీ పెద్ద ఆస్పత్రి కావాలంటే నోవా గోరిత్సా పక్కన షెంపెటర్‌కి, 70 కిలోమీటర్లకు పైగా లోయదారిలో వెళ్ళాలి. చెయ్యి విరిగితే ఆ దారిలో ప్రతి మలుపూ తెలుస్తుంది. సముద్రం వైపు పిరాన్ అయితే ఆస్పత్రి పది కిలోమీటర్ల దూరంలో ఇజోలాలో ఉంది. కాకపోతే పాత ఊళ్ళోకి బయటి కార్లని మామూలుగా రానివ్వరు. పై వీధుల్లో గది తీసుకుంటే సామాను కన్నా ముందు మోకాళ్ళ సంగతి ఆలోచించుకోవాలి.

హోటలా, వంటగది ఉన్న అపార్ట్‌మెంటా అంటే, ఒంట్లో బాగోనప్పుడు రెండోదే. బియ్యాన్ని రీఝ్ అంటారు, ఏ సూపర్ మార్కెట్‌లోనైనా దొరుకుతుంది. పెరుగు కొనేటప్పుడు డబ్బా మీద "నవాద్ని యోగుర్త్" అని ఉందో లేదో చూడాలి, అంటే మామూలు పెరుగు. సాద్ని అని ఉంటే అందులో పండ్లూ పంచదారా కలిసుంటాయి, దానితో పెరుగన్నం కలిపితే ఎవరూ తినలేరు. ఇంటివాళ్ళు ప్రేమగా తెచ్చిపెట్టే వేడి సూప్‌తోనూ జాగ్రత్త. జబ్బుపడినవాళ్ళకి వాళ్ళు కాచేది గోవేయా యూహా, అంటే గొడ్డుమాంసం రసం, లేదా కోడి సూప్. మేం మాంసం తినం అని ముందే చెప్పాలి: "బ్రెస్ మేసా, ప్రోసిమ్."

చాయ్ అనే మాట అక్కడా ఉంది, అచ్చం హైదరాబాద్‌లో పలికినట్టే పలుకుతారు. కానీ చాయ్ అడిగితే వచ్చేది పాలు లేని చామంతి కషాయమో, పండ్ల టీయో. గొంతునొప్పికి అది మంచిదే. టీ పొడి వేసింది కావాలంటే చర్ని చాయ్ అని అడిగి పాలు విడిగా తెప్పించుకోవాలి.

నీళ్ళ సీసాల అరలో దొనాత్ అనే ఆకుపచ్చ సీసా ఉంటుంది. రోగాష్కా స్లాతినా ఊటనీరు, లీటరుకి సుమారు 1000 మిల్లీగ్రాముల మెగ్నీషియం. మలబద్ధకానికి తాగే నీళ్ళు అవి. విరేచనాలతో నీరసించి, మంచి మినరల్ వాటర్ కదా అని అర సీసా తాగితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

మందుల షాపుని లెకార్నా అంటారు, ఆకుపచ్చ శిలువ గుర్తు ఉంటుంది. పారాసిటమాల్ కూడా అక్కడే కొనాలి, సూపర్ మార్కెట్‌లో వెతికి లాభం లేదు. మన డోలో 650 పేరు ఎవరికీ తెలియదు. పారాసిటమాల్ అనే అడగాలి, లేకపోతే లెకదోల్ అనాలి, అది 500 మిల్లీగ్రాముల బిళ్ళ. 650 అలవాటున్నవాళ్ళు లెక్క చూసుకుని వేసుకోవాలి, పెద్దవాళ్ళకి రోజుకి 4 గ్రాములు దాటకూడదు. యాంటీబయాటిక్ చీటీ లేకుండా ఇవ్వరు, మన ఊరి డాక్టరు రాసిన చీటీ అక్కడ చెల్లదు. రోజూ వేసుకునే మందులు యాత్ర రోజులకి సరిపడా, మరో వారానికి అదనంగా, అట్టలతో సహా చేతిసంచీలో పెట్టుకోవడం తప్పనిసరి. శనివారం మధ్యాహ్నం దాటాక చిన్న ఊళ్ళలో లెకార్నాలు మూసేస్తారు. అప్పుడు అడగాల్సిన మాట దెఝూర్నా లెకార్నా, అంటే ఆ పూట డ్యూటీలో ఉన్న షాపు.

ఫార్మసిస్టు డబ్బా మీద మోతాదు రాసిస్తుంది. అక్కడ స్లొవేనియన్‌లోని ద్వివచనం ఎదురవుతుంది. మన సంస్కృత పాఠంలో లాగా ఒకటికి, రెండుకి, అంతకు మించినవాటికి వేర్వేరు రూపాలు: ఎనా తబ్లేతా, ద్వే తబ్లేతి, త్రి తబ్లేతె. చివరి అచ్చు మారిందని మందు మారిందనుకోకూడదు. (చేతులు, కాళ్ళు, కళ్ళు రెండేసి ఉన్నా వాటికి మాత్రం బహువచనమే వాడతారు.) నా తేష్చె అంటే పరగడుపున, పో యేది అంటే తిన్నాక, త్రీక్రత్ నా దాన్ అంటే రోజుకి మూడుసార్లు. పిల్లల సిరప్‌కి ఝ్లీచ్కా అంటే టీ చెంచా, 5 మిల్లీలీటర్లు. ఝ్లీత్సా అంటే భోజనం చెంచా, 15 మిల్లీలీటర్లు. రెండు మాటలూ దగ్గరగా వినబడతాయి, మోతాదు మూడింతలు తేడా. అనుమానం వస్తే "నపీషితె, ప్రోసిమ్" అని కాగితం మీద రాయించుకోవాలి.

అంకెలు కూడా రాయించుకోవడమే మంచిది, ఎందుకంటే 38ని వాళ్ళు "ఎనిమిదీ ముప్ఫై" అన్నట్టు తిప్పి పలుకుతారు. జ్వరం సెల్సియస్‌లోనే చెప్పాలి. బాబుకి 102 ఉందంటే నర్సుకి అర్థం కాదు. 100 అంటే 37.8, 101 అంటే 38.3, 102 అంటే 38.9, 103 అంటే 39.4. రక్తంలో చక్కెర కూడా మరో కొలతలో చూస్తారు. మన అంకెని 18తో భాగిస్తే వాళ్ళ అంకె వస్తుంది: 180 అంటే 10, 70 అంటే 3.9. మీటరు చూపించి 10 అంటే, 'ఇంత తక్కువా' అని ఇంట్లోవాళ్ళు గాభరా పడిపోవచ్చు.

వేసవిలో అడవి బాట, గడ్డి మైదానం తొక్కినవాళ్ళు సాయంత్రం గదికి వచ్చాక చేయాల్సిన పని ఒకటుంది. క్లోప్, అంటే మన పశువులకి పట్టే పిడుదు లాంటి పురుగు, ఒంటికి అంటుకుందేమో చూసుకోవాలి. చంకలు, గజ్జలు, మోకాలి వెనక, పిల్లలకైతే జుట్టులో కూడా. పిడుదు వల్ల వచ్చే మెదడువాపు యూరప్‌లో బాగా ఎక్కువగా ఉన్న దేశాల్లో స్లొవేనియా ఒకటి, అదే పురుగు వల్ల వచ్చే లైమ్ జబ్బు కూడా ఉంది. దొరికితే సన్నటి పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిదానంగా పైకి లాగాలి. నూనె, వెన్న రాయకూడదు, నలపకూడదు. తేదీ ఫోన్‌లో రాసుకోవాలి. 3 నుంచి 30 రోజుల్లోపు అక్కడ ఎర్రటి మచ్చ పుట్టి వెడల్పవుతుంటే ఇంటికి వచ్చేశాకైనా సరే డాక్టరుకి చూపించి, పిడుదు కరిచిన సంగతి చెప్పాలి. మెదడువాపు పచ్చిపాల ద్వారా కూడా రావచ్చు. పల్లెల్లో మ్లెకోమాత్ అనే పాల యంత్రాలుంటాయి, వాటిలో వచ్చేది కాచని పాలు. మనవాళ్ళకి పాలు కాచడం ఎలాగూ అలవాటే.

ఉర్గేన్త్సా, అంటే అత్యవసర విభాగానికి వెళ్తే వచ్చిన వరసలో చూడరు. నర్సు పరీక్షించి రంగు ఇస్తుంది. ఎరుపైతే ఆ క్షణమే, నారింజ పది నిమిషాలు, పసుపు గంట, ఆకుపచ్చ రెండు గంటలు, నీలం నాలుగు. జలుబుతో వెళ్ళి ఆకుపచ్చ తెచ్చుకుని, మన తర్వాత వచ్చినవాళ్ళని ముందు పంపించారని గొడవపడి ప్రయోజనం లేదు. పగటిపూట అయితే చిన్న జబ్బుకి జ్ద్రావ్స్త్వెని దోమ్‌కి వెళ్ళడమే తెలివి. కౌంటరులో ఆరోగ్య బీమా కార్డు అడుగుతారు. "నీమమ్. సమ్ ఇజ్ ఇందియె" (నా దగ్గర లేదు, నేను ఇండియా నుంచి వచ్చాను) అని పాస్‌పోర్టు, ట్రావెల్ ఇన్సూరెన్స్ కాగితం ఇవ్వాలి. షెంగెన్ వీసా కోసం కనీసం 30,000 యూరోల బీమా ఎలాగూ తీసుకునే ఉంటారు. మామూలు జబ్బుకి ముందు చేతి డబ్బు కట్టి తర్వాత తెచ్చుకోవాల్సి రావచ్చు. కాబట్టి బయటికి వచ్చేముందు రెండు కాగితాలు అడిగి తీసుకోవాలి: రచూన్, అంటే బిల్లు, ఇజ్విత్, అంటే డాక్టరు రిపోర్టు. బిల్లు పట్టుకుని రిపోర్టు మర్చిపోయేవాళ్ళే ఎక్కువ, క్లెయిమ్ ఆగేది అక్కడే.

112 ఉచితం, అంబులెన్సుకీ కొండల్లో రక్షణకీ అదే నంబరు. బోవెత్స్, క్రాన్‌స్కా గోరా, పిరాన్ లాంటి సరిహద్దు చోట్ల ఫోన్ ఇటలీ, ఆస్ట్రియా, క్రొయేషియాల సిగ్నల్‌కి తగులుకుంటే కాల్ ఆ దేశపు కేంద్రానికి వెళ్ళిపోవచ్చు. అందుకే ఎత్తగానే మొదటి మాట "స్లొవేనియా", తర్వాత ఊరి పేరో కొండబాట మీద ఆఖరున దాటిన బోర్డు మీది పేరో, ఆ తర్వాతే నొప్పి సంగతి.