ఆదివారం బ్యాచ్‌లో ఎన్విరాన్‌మెంటల్ ఎకనామిక్స్: పాఠం బాగుంది, లెక్కలే చాలలేదు

బీకాం చేసి ఎంఏ ఎకనామిక్స్‌లోకి వచ్చినదాన్ని, మైక్రో ఎకనామిక్స్ పునాది అంతంతమాత్రం, ఈ పేపర్ అంటే టెన్షన్. అందుకే విజయవాడలో ఆదివారాలు జరిగే ఎనిమిది వారాల బ్యాచ్‌లో 3,000 కట్టి చేరాను. గుంటూరు నుంచి పొద్దున్నే బస్సెక్కేదాన్ని.

మొదటి రోజు మేడం గ్రాఫ్ గీయలేదు, కొల్లేరు గురించి అడిగారు. చేపల చెరువు తవ్వినాయన మేతకి, పిల్లకి, కూలీలకి ఎంతయిందో రాసుకుంటాడు కదా, మరి సరస్సు కుంచించుకుపోయి వల మీద బతికేవాళ్లకు చేప దొరక్కపోవడం, బుడమేరు నీళ్లు వచ్చి చేరే చోటు తగ్గిపోవడం ఆయన పద్దుల్లో ఎక్కడున్నాయి అన్నారు. నేను నెలల తరబడి బట్టీపట్టినా ఎక్కని ఎక్స్‌టర్నాలిటీ (ఒకరి పని వల్ల వచ్చి, వాళ్ల పద్దుల్లోకి రాకుండా వేరేవాళ్ల మీద పడే నష్టమో లాభమో) ఆ ఒక్క ప్రశ్నతో ఎక్కేసింది. 1999లో అభయారణ్యం, 2002లో రామ్‌సర్ గుర్తింపు (చిత్తడి నేలలకు ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు), 2006లో చెరువుల గట్లు కొట్టేయడం, అన్నీ చెప్పి మా చేత వాదింపజేశారు: నిషేధమా, 1920లో ఆర్థికవేత్త పిగూ రాసినట్టు నష్టానికి తగ్గ పన్నా, 1960లో ఇంకో ఆర్థికవేత్త కోస్ అన్నట్టు హక్కు ఎవరిదో తేల్చి బేరానికి వదలడమా? వేలమంది ఉన్నచోట బేరం కుదిర్చే ఖర్చే తడిసి మోపెడవుతుందని చివరికి మేమే తేల్చాం. నాకు బాగా నచ్చిన క్లాసు అదే.

పర్మిట్ల పాఠం (ఇంత పొగ వదలొచ్చని ఇచ్చే అనుమతుల్ని ఫ్యాక్టరీలు కొనుక్కోవడం, అమ్ముకోవడం) కూడా అంతే తేలిగ్గా చెప్పారు. ఒక ఫ్యాక్టరీకి టన్ను పొగ తగ్గించడానికి 200, ఇంకోదానికి 600 అనుకోండి. చెరో పది టన్నులు తగ్గించమంటే మొత్తం 8,000 అవుతుంది, అదే ఇరవై టన్నులూ మొదటిదే తగ్గించి రెండోది దానికి డబ్బిస్తే 4,000తో పోతుంది. సూరత్‌లో 2019 నుంచి ధూళి కణాల మీద ఇలాంటి మార్కెట్ నిజంగానే నడిపారని నాకు అక్కడే తెలిసింది.

డిస్కౌంట్ రేటు (రేపటి డబ్బుని ఇవాళ్టి విలువలోకి తెచ్చే, వడ్డీ లాంటి శాతం) దగ్గర మాత్రం మనసు కలుక్కుమంది. యాభై ఏళ్ల తర్వాత వచ్చే లక్ష రూపాయల నష్టం విలువ 5 శాతం రేటుకి ఇవాళ సుమారు 8,700, 1 శాతానికైతే 60,800. మనవల కష్టానికి ఎంత విలువ కట్టాలో ఆ ఒక్క అంకెతోనే తేలిపోతుందా అని ఆ రాత్రి చాలాసేపు ఆలోచించాను.

లోపాలు కూడా చెప్పాలి. భవానీ ద్వీపానికి వచ్చేవాళ్ల బస్సు, బోటు ఖర్చుల నుంచి ఆ చోటు విలువ ఎలా లెక్కగడతారో చెప్పారు గానీ, ట్రావెల్ కాస్ట్ లెక్క ఒక్కటైనా చేయించలేదు. పరీక్షలో పదిహేను మార్కులకు అదే వచ్చింది. జిరాక్స్ నోట్సులో సగం గ్రాఫులు కనపడవు, చిన్న గదిలో అరవైమందిని కుక్కారు, వెనక బెంచీలకు మాట వినపడదు. ఫోన్ చేసి చెబితే చూస్తామన్నారు, చూడలేదు.

అయినా మేడం పాఠం కోసం చేరండి. వెళ్లేముందు డిగ్రీ పుస్తకంలో వినియోగదారుని మిగులు (మనం ఇవ్వడానికి సిద్ధపడ్డ ధరకీ, నిజంగా ఇచ్చిన ధరకీ తేడా) ఒకసారి తిరగేయండి, రెండో వారం నుంచే దాంతో పని పడుతుంది. అరగంట ముందే వెళ్లి ముందు బెంచీలో కూర్చోండి.