ఎన్ఎస్ఎస్ ఏడు రోజుల క్యాంపు: ఇంకుడు గుంటకు మార్కులెక్కువ, సాయంత్రం సభకు తక్కువ

"నాయకత్వ లక్షణాలు పెంచుతాం" అనే మాట కాలేజీ పిల్లలకు ఇప్పుడు రెండు చోట్ల వినిపిస్తోంది. ఒకటి, ఏసీ హాల్లో రెండు రోజులు జరిగే ఫీజు వర్క్‌షాప్. రెండోది, పల్లె బడిలో చాపలేసుకుని పడుకునే ఎన్ఎస్ఎస్ (జాతీయ సేవా పథకం) స్పెషల్ క్యాంపు. మొదటిదాంట్లో బెలూన్ల ఆటలు, పీపీటీ, గ్రూప్ ఫోటో ఉంటాయి. దాని గురించి ఇంతకన్నా చెప్పేదేం లేదు. రెండోదాన్ని మాత్రం విప్పి చూడాల్సిందే. అనంతపురం, కర్నూలు, కడప పల్లెల్లో ఈ క్యాంపు ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ వారం నీళ్లపాలవుతుంది అనేది ఈ సమీక్ష.

గాంధీ శతజయంతి ఏడాదిలో, 1969 సెప్టెంబరు 24న, 37 విశ్వవిద్యాలయాల్లో 40 వేల మందితో ఎన్ఎస్ఎస్ మొదలైంది. పేరిచ్చిన విద్యార్థి రెండేళ్లలో 240 గంటలు పనిచేయాలి. దానికి తోడు కాలేజీ యూనిట్ దత్తత తీసుకున్న గ్రామంలో ఏడు రోజుల క్యాంపు. యూనిట్‌లో 100 మంది ఉంటే క్యాంపుకు పోయేది సగం. అంటే యాభై మంది, ఏడు రోజులు, ఒక బడి, ఒక పొయ్యి. నేర్పేదంతా ఈ నాలుగింటిలోనే ఉంది.

శ్రమదానం పేరుతో ఎక్కువ క్యాంపులు చేసేది వీధులూడ్చడం, మొక్కలు నాటడం. చీపురు పట్టుకుని ఫోటో దిగితే పని అయిపోతుంది. నాటిన మొక్కకు ఎండాకాలంలో నీళ్లు పోసేవాళ్లెవరో రాసుకోకపోతే ఆ గుంతలు మళ్లీ ఏడాదికి పనికొస్తాయి, అంతే. పని నేర్చుకోవాలంటే ఇంకుడు గుంటను మించింది లేదు. ఇంటి వాడుక నీళ్లు వీధిలో పారకుండా భూమిలోకి ఇంకేలా చేసే ఒక మీటరు పొడవు, వెడల్పు, లోతు గుంట అది. చూసేదానికి చిన్నదే గానీ ఎర్రనేలలో ఆ ఒక్క గుంట మట్టి బరువు టన్నున్నర దాటుతుంది. తట్టకు పదిహేను కిలోల లెక్కన వందకు పైగా తట్టలు మోయాలి.

పదిమంది జట్టుకు మొదటి పాఠం ఇక్కడే. మీటరు గుంటలో గడ్డపార వేసేదానికి ఒక్కరికే చోటు. ఇద్దరు దిగితే ఒకరి మోచేయి ఇంకొకరి మొహానికి తగులుతుంది. కాబట్టి లోపల ఒకరు, అంచున సలికె(పార)తో ఎత్తేవాళ్లు ఇద్దరు, తట్టలు మోసేవాళ్లు నలుగురు, రాళ్లు ఏరి సైజువారీగా కుప్పలు పోసేవాళ్లు ముగ్గురు. లోపలి మనిషి పదిహేను నిమిషాలకు ఒకసారి మారాలి. జట్టు లీడరు అసలు పని ఆ గడియారం చూడటం. బలమున్న పిల్లోడొకడు "నేనే తవ్వేస్తా" అని గంటసేపు లోపలే ఉంటే ఆ రోజు గుంట అయిపోతుంది, మరుసటి రోజు వాడు లేవడు. తవ్విన మట్టిని అంచుకు రెండడుగుల దూరంలో పోయాలి. దగ్గరగా పోస్తే అదే మట్టి మళ్లీ గుంటలో పడుతుంది, మోసింది రెండుసార్లు మోయాలి.

తవ్వే ముందు చేయాల్సిన పరీక్షను చాలా క్యాంపులు వదిలేస్తాయి. అడుగు లోతు చిన్న గుంత తీసి నీళ్లు నింపాలి, ఇంకనివ్వాలి, మళ్లీ నింపాలి. రెండోసారి అరగంటలో అంగుళమైనా నీటిమట్టం దిగకపోతే అక్కడ ఇంకుడు గుంట పనిచేయదు. అనంతపురం ఎర్రనేలల్లో సాధారణంగా దిగుతుంది. ఆదోని, జమ్మలమడుగు వైపు నల్లరేగడిలో దిగకపోవడమే ఎక్కువ. తడిస్తే ఆ మట్టి ఉబ్బి సందులన్నీ మూసేసుకుంటుంది. అలాంటి చోట గుంట తవ్వితే దోమల తొట్టి కట్టినట్టే. చేతిపంపుకు, బావికి కనీసం పది మీటర్ల దూరం, ఇంటిగోడకు ఒక మీటరు దూరం పాటించాలి. మరుగుదొడ్డి నీళ్లు దీంట్లోకి అస్సలు వదలకూడదు.

రాళ్లు నింపేటప్పుడు అడుగున ఐదారంగుళాల రాళ్లు, నడుమ మూడు నాలుగంగుళాలవి, పైన కంకర. అన్నీ నిండినా సందుల్లో సుమారు 400 లీటర్ల నీళ్లు పడతాయి. ఐదుగురున్న ఇంటికి అది చాలు. పైవరసలో అడుగున చిల్లులు పెట్టిన పాత కుండ ఉంచి, లోపల కొబ్బరిపీచు పెట్టాలి. అన్నం మెతుకులు, జిడ్డు ఆ పీచులో ఆగుతాయి. పదిహేను రోజులకొకసారి తీసి కడగాలని ఇంటావిడకు చేసి చూపించాలి, చెప్పి వస్తే సరిపోదు. బేతంచెర్ల వైపు నాపరాతి ముక్కలు సులువుగా దొరుకుతాయని వాటితోనే నింపుతుంటారు. పలకలు ఒకదానిమీద ఒకటి అతుక్కుని పడుకుంటాయి, నీళ్లకు సందు ఉండదు. ఆ పలకలు పైన మూతకు బాగుంటాయి. అన్నిటికన్నా పెద్ద తప్పు, రాళ్లు రాకముందే తవ్వడం. రెండో రోజు తవ్విన గుంటకు ఐదో రోజు ట్రాక్టరు వస్తుంది, నడుమ మూడు రాత్రులు దూడలూ పిల్లలూ పడకుండా కాపలా కాయాలి.

పొయ్యి దగ్గరికి వద్దాం. వంటమనిషిని పెట్టే క్యాంపుల్లో ఈ విభాగమే లేదు, అక్కడ ఒక మార్కు తీసేయొచ్చు. యాభై మందికి పొద్దున ఉగ్గాని (బొరుగుల ఉప్మా) చేయాలంటే బొరుగులు నాలుగున్నర కిలోలు. వాటిని ఒకేసారి నానబెడితే ముద్దైపోతాయి. బాణలిలో పోపు ఎంత పడుతుందో అంతకు సరిపడా బొరుగులు తడిపి, వెంటనే నీళ్లు పిండేసి, వేయాలి. తడిపే జట్టు, పోపు జట్టు ఒకరి వేగం ఒకరు చూసుకోవాలి. చివర్లో పుట్నాలపొడి చల్లితే మిగిలిన తడి లాగేస్తుంది.

రాత్రికి సంగటైతే నూకలు మూడు కిలోలు, రాగిపిండి ఐదు కిలోలు, నీళ్లు పద్దెనిమిది లీటర్ల దాకా. ఒకే గిన్నెలో ఇంత గెలకడం పిల్లల వల్ల కాదు, రెండుగా చేసుకోవాలి. నూకలు మెత్తబడ్డాక పిండిని కుప్పగా పోసి, కట్టెతో నడుమ గుంత చేసి, మంట తగ్గించి మూతపెట్టాలి. పోసిన వెంటనే గెలికితే లోపల పచ్చిపిండి ఉండలు మిగులుతాయి. ఆవిరి పట్టాకే ఇద్దరు గిన్నెను కదలకుండా అదిమి పట్టుకుంటే ఇంకో ఇద్దరు గెలకాలి. నంజుకోవడానికి చెనిక్కాయల ఊరిబిండికి (పచ్చడికి) రెండు కిలోల విత్తనాలు. తాగేనీళ్లకు మనిషికి రోజుకు ఐదు లీటర్లు వేసుకుంటే 20 లీటర్ల క్యాన్లు పదమూడు. ఎండలు ముదిరితే ఇంకో రెండు.

నాయకత్వం ఎక్కడ కనిపిస్తుందంటే సామాన్ల గది తాళం దగ్గర. ఐదు జట్లు చేసి గుంట, వంట, నీళ్లు-శుభ్రం, సర్వే, సభ పనులు రోజూ మార్చాలి. మారేటప్పుడు ఒక నోటుబుక్కులో రాసి అప్పజెప్పాలి: బియ్యం ఎంత మిగిలింది, గ్యాస్ ఏ రోజు మార్చారు, గడ్డపారలు ఎన్ని, ఎవరి ఇంటినుంచి తెచ్చినవి. ఈ పుస్తకం లేని క్యాంపులో నాలుగో రోజు ఉప్పు అయిపోయిన సంగతి పప్పు దించాక తెలుస్తుంది. ఇంకో జబ్బు, వంటంతా అమ్మాయిలకు, గడ్డపారంతా అబ్బాయిలకు పంచేయడం. అలా పంచితే ఇద్దరూ సగమే నేర్చుకుని పోతారు.

ఇంటింటి సర్వేకు ఇద్దరిద్దరు పోవాలి, ఒకరు మాట్లాడటానికి, ఒకరు రాయడానికి. పదిగంటలకు పోతే ఇంట్లో ముసలివాళ్లే ఉంటారు, కూలికి పోయినవాళ్లు సాయంత్రం ఐదుకు గానీ రారు. కాగితం కనబడగానే "పింఛనీ రాసుకునేదానికి వచ్చినారా నాయనా?" అని అడుగుతారు. కాదని మొదట్లోనే చెప్పకపోతే ఆ ఆశతోనే జవాబులు చెప్తారు, లెక్క తప్పుతుంది. "మరుగుదొడ్డి ఉందా" అంటే ఉందనే అంటారు. "నీళ్లు యాడ పట్టి పెట్టుకుంటారు?" అంటే దాన్ని వాడుతున్నారో లేదో బయటికొస్తుంది. ముగ్గుపిండితో రచ్చబండ దగ్గర ఊరి పటం గీయించడం ఈ సర్వేకన్నా ఎక్కువ చెప్తుంది. బోర్లు ఎక్కడెక్కడ ఎండినాయో గుర్తు పెట్టేటప్పుడు పెద్దలే వాదులాడుకుంటారు, పిల్లలు రాసుకుంటే చాలు.

సాయంత్రం సభల గురించి ఒక్క మాట: మూడు ఉపన్యాసాలుంటే రెండు తీసేయొచ్చు.

ఎన్‌సీసీ (నేషనల్ క్యాడెట్ కోర్) పదిరోజుల క్యాంపుతో పోల్చేవాళ్లున్నారు. క్రమశిక్షణ, డ్రిల్లు అక్కడే గట్టి. ఎన్‌సీసీలో పైమెట్టు పరీక్ష అయిన సీ సర్టిఫికెట్ ఉంటే సైన్యంలో ఆఫీసరు ఎంట్రీకి దారి కూడా ఉంది. కానీ అక్కడ ర్యాంకు ముందే భుజం మీద ఉంటుంది. ఇక్కడ నిన్న తట్ట మోసినవాడు ఇవాళ లీడరు, నిన్నటి లీడరు ఇవాళ గిన్నెలు తోముతాడు. సాటివాళ్లతో పని చేయించడం నేర్చుకునేది అప్పుడే. రెజ్యుమేలో సర్టిఫికెట్ పెట్టుకోవడానికే అయితే వారం రోజులు నేలమీద పడుకోవడం ఎందుకో ఆలోచించుకోండి.

మొత్తానికి ఐదుకు మూడున్నర. సొంత వంట, ఇంకుడు గుంట రెండూ ఉంటే నాలుగున్నర. రెండూ లేకపోతే ఒకటి.

పేరిచ్చే ముందు యూనిట్‌ను చూసుకునే లెక్చరరును, అంటే ప్రోగ్రాం ఆఫీసరు సారును, మూడు అడగండి. రాళ్లు ఏ రోజు వస్తాయి? వంట ఎవరు చేస్తారు? అమ్మాయిలకు మరుగుదొడ్లు ఎన్ని? ఇరవై ఐదు మందికి ఒకటే అంటే, మనిషికి ఆరు నిమిషాలు వేసుకున్నా రెండున్నర గంటలు. ఆరింటికి శ్రమదానం మొదలుకావాలంటే మొదటి అమ్మాయి మూడున్నరకే లేవాలి.