వాలు స్థలంలో స్ప్లిట్ లెవెల్ ఇల్లు: రాయగడలో మేం తీసుకున్న డిజైన్ సర్వీస్ ఎలా ఉందంటే

ఒడిశాలో రాయగడ, గుణుపురం, కొరాపుట్ వైపు స్థలం కొంటే సగం చోట్ల వాలే కదా, మాది కూడా అంతే, 30 అడుగుల వెడల్పు, 50 అడుగుల పొడవు, రోడ్డు దగ్గర నుంచి వెనక హద్దుకి వెళ్ళేసరికి 5 అడుగులు దిగిపోతుంది. ఇక్కడ ఏ మేస్త్రిని అడిగినా ఒకటే మాట, మట్టి పోయించి లెవెల్ చేసేద్దాం బాబూ అని. ఆ లెక్కన దాదాపు 3750 ఘనపుటడుగుల మట్టి, అది జారకుండా వెనక పెద్ద గోడ, పైగా పోసిన మట్టి సరిగ్గా దిమ్మిస కొట్టకపోతే రెండు వానలకి కుంగి ఫ్లోరింగు పగులుతుంది.

మేం విజయనగరం నుంచి ఒక డిజైన్ ఆఫీసు వాళ్ళని పిలిపించుకున్నాం. నాకు బాగా నచ్చింది ఏటంటే, వాళ్ళు ఇంటి బొమ్మ గీయకముందే నీళ్ళ పైపుతో స్థలమంతా లెవెల్ పట్టారు, మేకులు కొట్టి ఒక్కోదాని మీద ఎంత దిగువో చాక్‌పీసుతో రాసుకుంటూ పోయారు. ఆ తర్వాతే ప్లాన్, అదీ స్ప్లిట్ లెవెల్, అంటే వాలుని బట్టి గదులు సగం అంతస్తు ఎత్తు తేడాతో వచ్చే ఇల్లు. హాలు, వంటిల్లు రోడ్డు లెవెల్లో, వెనక భాగం 5 అడుగులు కింద రెండు గదులు, వాటి మీద హాలుకి 5 అడుగులు పైన ఇంకో రెండు గదులు. ఆరంగుళాల మెట్లు పది దిగితే కింద గదులు, పది ఎక్కితే పైవి. వెనక తవ్విన మట్టే ముందు భాగానికి దాదాపు సరిపోయింది, బయట నుంచి ట్రాక్టర్లు తోలించాల్సిన పనే పెద్దగా రాలేదు. వెలుతురు, గాలి మాత్రం అద్భుతం, హాల్లో నిలబడితే పైగది కిటికీలోంచి కొండ కనిపిస్తుంది.

ఇప్పుడు అసలు విషయం, నీళ్ళు. హాలు కింద మట్టికీ కింది గదికీ మధ్య గోడ మామూలు గోడ కాదు, మట్టిని ఆపే రిటైనింగ్ వాల్. ఇక్కడి వానల సంగతి తెలుసుగా, 2018లో తిత్లీ తుఫానుకి పక్కనున్న గజపతి జిల్లాలో కొండచరియలు విరిగి ఎంతమంది పోయారో. మామూలు రిటైనింగ్ వాల్‌కి నీరు పోయే కన్నాలు పెడతారు, ఇక్కడ అవి గదిలోకి తెరుచుకుంటాయి కాబట్టి కుదరదు, గోడ వెనక వాటర్‌ప్రూఫింగ్ చేసి కంకర నింపి అడుగున కన్నాల పైపు పెట్టి పక్కకి తీసుకుపోవాలి. ఇది వాళ్ళు డ్రాయింగులో క్లియర్‌గా చూపించారు, మేస్త్రి పక్కన నిలబడి చేయించారు కూడా, అందుకే వానాకాలంలో ఆ గోడకి చెయ్యి పెడితే పొడిగానే ఉంది.

డ్రైనేజీ దగ్గర మాత్రం కోపం వచ్చింది. కింది బాత్రూం పైపు కూడా రోడ్డు కాలవకే కలిపేశారు మొదటి డ్రాయింగులో! కాలవేమో పైన, బాత్రూమేమో 5 అడుగుల కింద, నీరు పైకెలా ఎక్కుతుంది? మా ప్లంబర్ అన్నయ్య పట్టుకోబట్టి సరిపోయింది, తర్వాత సెప్టిక్ ట్యాంకు, ఇంకుడు గుంత వెనక దిగువకి మార్చారు. అంత ఫీజు తీసుకుని ఇది ముందే చూడాల్సింది.

ఇంకోటి, మెట్ల పక్కన పట్టుకోడానికి కమ్మీ రెండువైపులా అడిగి వేయించుకోండి, పెద్దవాళ్ళుంటే హాలు లెవెల్లోనే ఒక పడకగది, బాత్రూం కూడా. మా అత్తయ్య గారికి మోకాళ్ళ నొప్పి, ఆవిడ కోసం వంటిల్లు కొంచెం కుదించి గది ఇరికించాం. బీములు వేర్వేరు ఎత్తుల్లో పిల్లర్‌కి కలుస్తాయి, అక్కడ పొట్టి పిల్లర్లు తయారవుతాయి, భూకంపం వస్తే దెబ్బ ముందు వాటికే, కాబట్టి అక్కడ పిల్లర్ రాడ్ల చుట్టూ రింగులు దగ్గరగా కట్టాలి. రాడ్లు కట్టేవాళ్ళకి ఇది అలవాటుండదు, స్ట్రక్చరల్ ఇంజనీరు వచ్చి చూసేదాకా కాంక్రీటు పోయనివ్వకండి. మా వాళ్ళు ప్రతిసారీ వచ్చారు.

ఐదుకి నాలుగు ఇస్తున్నా, ఆ ఒక్కటి డ్రైనేజీకి కోశాను. వాళ్ళనైనా ఇంకెవరినైనా పెట్టుకునేవాళ్ళు ప్లానొక్కటే కాదు, ఇంటిని నిలువుగా కోసి చూపించే సెక్షన్ డ్రాయింగు, పైపుల లెవెల్స్‌తో సహా, అడ్వాన్సు ఇచ్చేముందే అడగండి.