వే పౌడర్ వంటలో వాడొచ్చా? చాలాకాలం వాడాక నా రివ్యూ

వేడి చేస్తే ప్రొటీన్ మొత్తం పోతదని కూకట్‌పల్లిలో మా జిమ్‌లో ఎవరో ఒకరు రోజూ అంటనే ఉంటరు, వాళ్ల మాట విని కొత్తగా కొన్నోళ్లు భయపడుతున్నరు, అందుకే రాస్తున్న. పోదు. నేను ఫ్లేవర్ లేని వే కాన్సంట్రేట్ (పాలు విరిగినంక మిగిలే నీళ్ల నుంచి తీసే ప్రొటీన్ పొడి) చాలా ఏళ్లుగా వాడుతున్న, షేకర్‌లో తాగినదానికన్నా చపాతీల్లో, జావలో వేసిందే ఎక్కువ.

సుమారు 70 డిగ్రీలు దాటితే వే ప్రొటీన్ ఆకారం మారుతది, డీనేచర్ అవడం అంటే అదే, లోపలున్న అమైనో ఆమ్లాలు, అంటే ప్రొటీన్ తయారయ్యే చిన్న చిన్న ముక్కలు, మాత్రం అట్లనే ఉంటయ్. తిన్నది అరిగేటప్పుడు కూడా ప్రొటీన్ ఎట్లాగూ విడిపోయేదే. పచ్చి గుడ్డుకన్నా ఉడకబెట్టిన గుడ్డులో ప్రొటీనే మనకు బాగా ఒంటబడుతది, మరి పౌడర్‌కే ఎందుకు ఈ భయం?

నష్టం ఎక్కడంటే మాడ్చినప్పుడు. కాన్సంట్రేట్‌లో పాల చక్కెర, అంటే లాక్టోజ్ కొంత ఉంటది, పెనం బాగా కాలితే అది లైసిన్ అనే అమైనో ఆమ్లంతో కలిసి గోధుమ రంగు తిరుగుతది, అట్ల కలిసిపోయిన లైసిన్ ఒంటికి పనికిరాదు. గోధుమపిండిలో తక్కువుండేదే లైసిన్, వే కలిపితే ఆ లోటు తీరుతది, మళ్లీ దాన్నే మాడ్చుకుంటే ఏం లాభం చెప్పండి. పౌడర్ కలిపిన చపాతీ మామూలుదానికన్నా తొందరగా మచ్చలు పడుతది కాబట్టి మంట సిమ్‌కి కొంచెం పైన పెట్టి, లేత మచ్చలు రాగానే తీసెయ్యాలె. రెండు కప్పుల పిండికి ఒక్క స్కూప్ చాలు, ఎక్కువేస్తే ఆరినంక రబ్బర్ లెక్క సాగుతది, పిల్లలు అస్సలు ముట్టరు.

రాగి జావది ఇంకో కథ. మరుగుతున్నప్పుడు పౌడర్ చల్లితే విరిగిన పాల లెక్క తెల్లటి పలుకులు పైకి తేలి గిన్నె అంచుకు అంటుకుంటయ్, ఎంత తిప్పినా కరగవు. ప్రొటీన్ అందులోనే ఉంటది కానీ నోట్లో పెట్టుకోబుద్ధి కాదు. స్టవ్ ఆపి, వేలు పెడితే ఓర్చుకునేంత వేడికి దిగినంక, చల్లటి మజ్జిగలో విడిగా కలిపిన పౌడర్ పోస్తే నున్నగా కలుస్తది.

ఇంకోటి, డబ్బా మీద ఎంజైములు, ఇమ్యునోగ్లోబులిన్లు (రోగాలతో పోరాడే ప్రొటీన్లు) అని రాసి రేటు పెంచి అమ్ముతుంటరు. అవి మాత్రం వేడికి నిజంగనే పనిచేయకుండా పోతయ్. వంట కోసమే కొనేటోళ్లు వాటికి పైసలు ఎక్కువ పెట్టకండి, సాదా కాన్సంట్రేట్ చిన్న ప్యాకెట్ తీసుకోండి చాలు.