మట్టి, బియ్యం టెస్ట్ చేయించాను, ల్యాబ్ మీద నా రివ్యూ (5కి 3)

విజయవాడలో పొలం మట్టికీ బియ్యానికీ హెవీ మెటల్స్ (సీసం, కాడ్మియం, ఆర్సెనిక్ లాంటివి) టెస్ట్ చేసే ల్యాబ్ కోసం వెతికేవాళ్లుంటే పనికొస్తుందని రాస్తున్నా. పేరు రాయట్లేదు, వాళ్లతో ఇంకా పంచాయితీ తెగలేదు.

మాది పెనమలూరు అవతల బందరు కాలవ కింద ఎకరంన్నర, బీపీటీ వేస్తాం, ఇంట్లో తినేదీ ఆ బియ్యమే. టౌన్ మురుగు కాలవలో కలవడం చిన్నప్పట్నుంచీ చూస్తున్నదే గానీ, 2020 డిసెంబర్లో ఏలూరులో జనం ఉన్నట్టుండి పడిపోయి, వాళ్ల రక్తంలో సీసం, నికెల్ కనపడ్డాయని ఎయిమ్స్ వాళ్లు చెప్పిన దగ్గర్నుంచి నాకు ఆ అనుమానం పట్టుకుంది. సాయిల్ హెల్త్ కార్డ్ ఉందిగా అంటాడు నాన్న. అందులో చూసేది పీహెచ్, నత్రజని, భాస్వరం, జింకు లాంటి 12 అంశాలే, కాడ్మియం, ఆర్సెనిక్, సీసం అందులో ఉండవు.

రెండు శాంపిళ్లకీ కలిపి 3,800 తీసుకున్నారు. ఎన్ఏబీఎల్ (ల్యాబులకిచ్చే గుర్తింపు) బోర్డు ఉంది కదా అని ఆగకండి, ఆ గుర్తింపు బియ్యానికి ఉందా నీళ్లకి మాత్రమే ఉందా అని అడగండి. మట్టి ఎలా తియ్యాలో ఫోన్లో ఒక్క ముక్క చెప్పలేదు, నేను గట్టు పక్కన ఒక్కచోట తవ్వి కవర్లో వేసుకెళ్తే వెనక్కి పంపారు. పొలంలో ఏడెనిమిది చోట్ల జానెడు లోతు తీసి కలిపి నీడన ఆరబెట్టి అరకిలో తెమ్మన్నారు. ఆ ముక్కేదో ముందే చెప్తే ఒక పూట లీవ్ మిగిలేది.

రెండు స్టార్లు మాత్రం అక్కడి కెమిస్ట్ మేడం గారికి. "మీరు నీళ్లు నిలబెడతారా, ఆరుతడా?" అని అడిగారు. నీళ్లు నిలబడితే మట్టిలో గాలి ఆడక ఇనుముని పట్టుకున్న ఆర్సెనిక్ వదులై వేర్లలోకి ఎక్కుతుందట, మడి ఆరితే కాడ్మియం ఎక్కుతుందట, అంటే ఒకటి తగ్గించబోతే రెండోది పెరుగుతుంది. మట్టి పులుపెక్కితే కాడ్మియం ఇంకా ఎక్కువ లాగుతుంది, మీది పీహెచ్ 7.9, అంటే పులుపు లేదు కాబట్టి ఆ భయం తక్కువ అన్నారు. జపాన్లో జింజు నది కింద గని నీళ్లతో పండిన బియ్యం తిని ఎముకలు విరిగిపోయిన ఇటాయ్ ఇటాయ్ జబ్బు గురించి కూడా చెప్పారు, దానికి కారణం కాడ్మియమే. ఒంట్లోకి చేరితే కిడ్నీల్లో ఏళ్ల తరబడి ఉండిపోతుందట. అందుకే మట్టి ఒక్కటే చూస్తే చాలదు, గింజ చూడాలి అన్నారు, నిజమే, తినేది గింజే కదా.

ఇక రిపోర్ట్ దగ్గర ఒళ్లు మండింది. వాట్సాప్‌లో వచ్చింది, నాన్న నాకంటే ముందు చూశాడు. బియ్యంలో ఆర్సెనిక్ 95, పక్క కాలమ్‌లో లిమిట్ 0.2! "ఒరేయ్, విషం తింటున్నాంరా మనం" అని రాత్రి పది గంటలకి ఫోను. తీరా చూస్తే 95 మైక్రోగ్రాములు, 0.2 మిల్లీగ్రాములు, రెండూ కిలోకే గానీ యూనిట్లు వేరు. అంటే మాది 0.095, సగం కూడా లేదు. పైగా కోడెక్స్ (అంతర్జాతీయ ఆహార ప్రమాణాలు పెట్టే సంస్థ) వాళ్ల ఆ 0.2 పాలిష్ బియ్యంలో ఇనార్గానిక్ ఆర్సెనిక్‌కి, అంటే అందులో ఎక్కువ విషమున్న రకానికి మాత్రమే, వీళ్లు కొలిచింది మొత్తం ఆర్సెనిక్, ఆ తేడా కూడా ఎక్కడా రాయలేదు. కాడ్మియం లిమిట్ 0.4, మాది మెషీన్‌కి అందనంత తక్కువ.

మా అక్క దంపుడు బియ్యం తింటుంది, ఆర్సెనిక్ తవుడు పొరలోనే ఎక్కువుంటుందట, వచ్చేసారి అవి ఇస్తా. అమ్మ మాత్రం కుక్కర్ పక్కనపెట్టి మళ్లీ ఎసరు ఎక్కువ పోసి గంజి వారుస్తోంది, ఆర్సెనిక్ కొంత అందులో పోతుందని మేడం గారన్న మాట నేను ఇంట్లో చెప్పాను లెండి.

యూనిట్లు సరిచేసిన రిపోర్ట్ కావాలంటే మళ్లీ 300 కట్టమన్నారు. నేను కట్టలేదు, వాళ్లు పంపలేదు, పన్నెండు రోజులైంది.