నమాత్‌జీరా బొమ్మకు ఫ్రేము: పార్క్ టౌన్‌లో ఒక మంచి కొట్టు

కాగితం మీది బొమ్మలకు, పాత ఫొటోలకు ఫ్రేము కట్టించాలంటే చెన్నై పార్క్ టౌన్‌లో ఈ తెలుగాయన కొట్టుకు నమ్మకంగా వెళ్లొచ్చు. దేవుడి పటాలు, అద్దాలు అమ్మే దుకాణాల వరసలో ఇరుకైన గది, లోపల పొడుగాటి బల్ల. బండి పెట్టుకునే చోటు లేదు, సెంట్రల్‌లో దిగి నడవడం మేలు.

నేను తీసుకెళ్లింది మా చెల్లెలి కూతురు ఆస్ట్రేలియా నుంచి పంపిన ప్రింటు. అక్కడి ఆదివాసీ చిత్రకారుడు ఆల్బర్ట్ నమాత్‌జీరా వేసిన నీటిరంగుల బొమ్మ: తెల్లటి చెట్టు మాను, వెనక ఊదారంగు కొండలు. మా పెరంబూరులో ఒక కొట్టువాళ్లు తెల్ల అంచు కోసేసి లామినేషన్ చేస్తామన్నారు. ఈయన చేతులు తుడుచుకుని, కాగితాన్ని రెండు మూలలా పట్టి ఎత్తి, వెలుతురులో చూసి, "అంచు కొయ్యకూడదమ్మా, పేరంతా అక్కడే ఉంది. ఇది ఏ ఊరు?" అన్నారు. అడిగితే చెప్పకుండా ఎలా ఉంటాను!

ఆ ఊరు హెర్మన్స్‌బర్గ్. మధ్య ఆస్ట్రేలియాలోని ఆలిస్ స్ప్రింగ్స్‌కు పడమరగా దాదాపు 130 కిలోమీటర్లు, అరెర్న్‌ట అనే ఆదివాసుల నేల. 1877లో కెంపె, ష్వార్ట్స్ అనే లూథరన్ మిషనరీలు అక్కడ మిషన్ పెట్టి, తాము చదువుకున్న జర్మన్ ఊరి పేరే దానికీ పెట్టారు. అదే జర్మన్ ఊరి నుంచి 1860ల్లో మా నాయుడుపేట, సూళ్లూరుపేట వైపుకీ మిషనరీలొచ్చారు. మా తాత అక్షరాలు దిద్దింది వాళ్ల బడిలోనే. అందుకే ఆ ఊరి కథ నాకు పరాయి కథ కాదు.

ఆ కథలో మంచీ చెడూ విడదీయలేం. పశువుల ఆసాములు, పోలీసులు ఆదివాసులను కాల్చి చంపుతున్న రోజుల్లో ఆ మిషన్ ప్రాణాలు దాచుకునే చోటైంది. 1891లో ఆదివాసులను చంపాడని విల్‌షైర్ అనే పోలీసు మీద హత్యకేసు నడిచింది, నిర్దోషిగా బయటపడ్డాడు. 1894లో వచ్చిన మిషనరీ కార్ల్ స్ట్రేలో అరెర్న్‌ట పెద్దల సాయంతో బైబిలు కొత్త నిబంధనను వాళ్ల భాషలోకి తెచ్చారు. వాళ్ల కథలు, పాటలు సంపుటాలు సంపుటాలుగా రాసిపెట్టారు. అంతటి మనిషీ వాళ్ల క్రతువుల్లో ఒక్కదానికీ వెళ్లలేదు, మిషన్ వాటిని జరగనివ్వలేదు. ఇది నాకు మింగుడుపడదు. 1920ల కరువులో స్కర్వీతో (సి విటమిను లేక వచ్చే జబ్బు) పిల్లలు రాలిపోయారు. మెల్‌బోర్న్ చిత్రకారులు బొమ్మలు అమ్మి డబ్బు కూడబెడితే, 1935లో ఊట నుంచి గొట్టాల్లో నీళ్లొచ్చాయి.

నమాత్‌జీరా 1902లో అక్కడే పుట్టారు. రెక్స్ బాటర్‌బీ అనే తెల్ల చిత్రకారుడి దగ్గర రంగులు పట్టడం నేర్చుకుని 1938లో మెల్‌బోర్న్‌లో ప్రదర్శన పెట్టారు. 1957లో ఆయనకు పౌరహక్కులిచ్చిన ప్రభుత్వమే, తనవాళ్లకు మద్యం ఇచ్చాడని మరుసటి ఏడాది శిక్ష వేసింది, ఆదివాసులకు మద్యం ఇవ్వడం అప్పట్లో నేరం. 1959లో పోయారు. మిషన్ భూమి 1982లో అరెర్న్‌ట వాళ్ల చేతికి తిరిగొచ్చింది. ఆయన బొమ్మల కాపీరైటు మాత్రం 2017 దాకా ఆయన కుటుంబానికి దక్కలేదు.

ఇదంతా వింటూనే కొట్టాయన పని మొదలుపెట్టారు. కాగితం పాడవకుండా యాసిడ్ లేని మౌంట్ బోర్డు (బొమ్మ చుట్టూ వేసే అట్ట) వేశారు. బొమ్మను జిగురుతో అతికించకుండా పైన రెండుచోట్ల మాత్రం పల్చటి టేపుతో వేలాడదీశారు. చెన్నై చెమ్మకు కాగితం ఉబ్బినా ముడతలు పడకుండా కిందికి సాగుతుందట. బొమ్మకూ గాజుకూ మధ్య సందు వదిలారు, లేకపోతే బూజు పడుతుంది. సన్నటి టేకు ఫ్రేము, రంగు వెయ్యనిది. మొత్తం 1,850 రూపాయలు. తక్కువేం కాదు, కానీ ఆ పనికి తగిన ధరే. వెనక అట్ట మీద చిత్రకారుడి పేరు, ఊరు, పుట్టిన ఏడాది తెలుగులో రాసిచ్చారు, నేను అడగకుండానే.

రెండు లోపాలున్నాయి. శనివారం ఇస్తానన్నది బుధవారానికి గానీ చేతికి రాలేదు. మామూలు గాజు కావడంతో ట్యూబ్‌లైటు వెలుగు బొమ్మ మీద పడుతోంది. మెరవని గాజు కావాలంటే ముందే చెప్పండి, తెప్పిస్తారు. ఆదివారం కొట్టు తీయరు.