దిల్‌సుఖ్‌నగర్ జపనీస్ క్లాస్: తెలుగులో చెప్పేసరికి

నేను నర్సుని. జపాన్‌లో వృద్ధాశ్రమాల్లో పనికి వెళ్దామని రెండేళ్ళ క్రితం జపనీస్ మొదలుపెట్టాను. ముందు ఒక ఆన్‌లైన్ కోర్సుకి 18,000 కట్టాను. పాఠమంతా ఇంగ్లిష్‌లోనే. మాది సూర్యాపేట దగ్గర ఊరు, పదో తరగతి దాకా తెలుగు మీడియం. వాళ్ళు చెప్పిన ఇంగ్లిష్ అర్థాన్ని తెలుగులోకి తిప్పుకుని మళ్ళీ జపనీస్ దగ్గరికి వచ్చేలోపు క్లాసు ఎక్కడికో వెళ్ళిపోయేది. ఆరు వారాలకి మానేశాను. నాకిక భాషలు రావనుకుని నైట్ డ్యూటీలో ఏడ్చిన రోజులున్నాయి.

తర్వాత మా వార్డులో సిస్టర్ ఒకావిడ చెబితే దిల్‌సుఖ్‌నగర్‌లో ఈ క్లాసుకి వచ్చాను. మేడ మీద ఒకటే గది. చెప్పే మేడమ్ తొమ్మిదేళ్ళు నగోయాలో ఉండి వచ్చారు. శని, ఆదివారాలు రెండేసి గంటలు, నాలుగు నెలలకి 12,000.

మొదటిరోజు ఆవిడ బోర్డు మీద "నేను రేపు బస్సులో సూర్యాపేటకి వెళ్తాను" అని రాశారు. దాని కింద, ఏ మాటకి ఆ మాట సరిగ్గా ఎదురుగా, "వతషి వ, అషిత, బసు దె, సూర్యాపేట ని, ఇకిమస్" అని రాశారు. 'లో' ఉన్నచోట 'దె', 'కి' ఉన్నచోట 'ని'. క్రియ చివరికే వచ్చింది. బస్సుకి చివర మనం ఉకారం తగిలించినట్టే వాళ్ళూ తగిలించారు. ఆ బోర్డు ఫోటో ఇప్పటికీ నా ఫోన్‌లో ఉంది. పాత క్లాసులో నెల రోజులు కుస్తీ పట్టిన వరస, పుట్టినప్పటి నుంచీ నా నోట్లో ఉన్నదే!

అక్కడి నుంచి ఒక్కొక్క చిక్కూ విడిపోతూ వచ్చింది. "తిని చూడు" అంటామా, వాళ్ళూ "తబెతె మితె" అంటారు, తినడం పక్కన అదే చూడటం. "వస్తానని చెప్పింది"లో మన 'అని' ఉన్న చోట వాళ్ళకి 'తొ' ఉంది. "నిన్న వేసుకున్న మందు" అన్నది "కినో నొన్ద కుసురి", మూడు మాటలకి మూడు మాటలు. కాకపోతే 'నొన్ద' అంటే తాగిన, వాళ్ళు మాత్రనైనా తాగుతారు. పాత కోర్సులో ఇంగ్లిష్‌లో ఇదే చెప్పడానికి దట్టులు, విచ్చులు పెట్టి రెండు క్లాసులు తీసుకున్నారు. ఒక అబ్బాయి రెండూ ఒకే కుటుంబమా అని అడిగాడు. కాదు, మనది ద్రావిడ భాష, పోలిక వాక్యం కట్టే తీరులోనే, కొరియన్‌లోనూ అలాగే ఉంటుంది అని మేడమ్ చెప్పారు.

ఉచ్చారణ దగ్గర కూడా తెలుగే కాపాడింది. ఇంగ్లిష్ అక్షరాల్లో చూసి చదివినప్పుడు నేను స్నేహితుణ్ణి 'టోమోడాచీ' అనేదాన్ని. తెలుగులో రాసుకుంటే అది 'తొమొదచి', అంతే. 'ఒబసన్' అంటే అత్త, పిన్ని వరస, 'ఒబాసన్' అంటే అమ్మమ్మ, నాయనమ్మ. ముసలివాళ్ళ మధ్య పనిచేయబోయేదాన్ని, ఈ దీర్ఘం తప్పకూడదు. మనకి గుణింతంలోనే ఉంది కాబట్టి చెవి పట్టేస్తుంది.

నాకు బాగా నచ్చింది నొప్పుల పాఠం. రోగి గుండె దడదడలాడుతోందంటే వాళ్ళకది 'దొకిదొకి'. సూదులు గుచ్చినట్టుంటే 'చికుచికు', సలుపుతుంటే 'జుకిజుకి'. గొంతు బొంగురుపోతే వాళ్ళూ 'గరగర' అనే అంటారు! క్లాసంతా ఒక్కసారి నవ్వేసింది. మా వార్డులో పెద్దవాళ్ళు సలసల, చురచుర, జివ్వుజివ్వు అంటుంటే కేస్ షీట్‌లో అన్నిటికీ 'పెయిన్' అని రాసే దాన్ని నేను. ఈ మాటల విలువ జపనీస్ నేర్చుకుంటూ తెలిసింది.

తెలుగు అడ్డం పడే చోట్లు కూడా మేడమ్ దాచరు. ఆ ఉకారమే తిరిగి దెబ్బకొడుతుంది: వాక్యం చివర 'దెస్' అనాల్సినచోట నిండుగా 'దెసు' అంటాం. మనకి ఇది, అది రెండే, వాళ్ళకి ఎదుటివాళ్ళ దగ్గరున్న వస్తువుకి 'సొరె' అని ఇంకోటుంది. మనకి 'ఇవ్వడం' ఒకటే. స్నేహితురాలు నాకిస్తే 'కురెత', నేను ఆమెకిస్తే 'అగెత'. ఇది నేను పరీక్ష ముందు రోజు కూడా తప్పు చెప్పాను. అన్నిటికన్నా కష్టమైంది 'గారు'. మా నాన్నగారు రైతు అని చెప్పబోయి 'ఒతోసన్' అన్నాను. బయటివాళ్ళతో మాట్లాడేటప్పుడు సొంత నాన్నకి గౌరవం కలపకూడదట, 'చిచి' అనాలి. నోరు తిరగడానికి నెల పట్టింది.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. కంజికి, అంటే చైనా నుంచి వచ్చిన అక్షరాలకి, తెలుగు ఏ సాయం చేయదు, అక్కడ వీళ్ళు నడిపించే వేగం చాలదు. నేను డ్యూటీ బ్రేకుల్లో చిన్న నోట్‌బుక్‌లో సొంతంగా రాసుకుంటూ నేర్చుకున్నాను. లిజనింగ్‌కి మేడమ్ గొంతు తప్ప వేరే గొంతులు వినిపించరు, పరీక్షలో మగ గొంతు వేగంగా మాట్లాడేసరికి టెన్షన్ వచ్చేసింది. క్లాసు మిస్సయితే రికార్డింగ్ ఇవ్వరు, షిఫ్టుల్లో పనిచేసేవాళ్ళకి ఇది పెద్ద ఇబ్బంది. మా బ్యాచ్‌లో తెలుగు రాని ఒరియా అమ్మాయి ఉండేది. ఆమెకి విడిగా హిందీలో చెప్పేవారు గానీ, ఆమె మాతృభాష నుంచి చెప్పేవాళ్ళు లేక పాపం వెనకబడింది.

నాకు ఎన్‌5లో, అంటే జపనీస్ భాషా పరీక్ష మొదటి మెట్టులో, 180కి 112 వచ్చాయి, పాసవడానికి మొత్తమ్మీద కనీసం 80 రావాలి, విభాగాల వారీగానూ కనీస మార్కులు ఉంటాయి. తర్వాతి మెట్టు ఎన్‌4కి కూడా ఇక్కడే ఫీజు కట్టాను. చేరేవాళ్ళు ముందు వరసలో కూర్చోండి, వెనక ఫ్యాన్ చప్పుడుకి 'దెస్'కీ 'దెసు'కీ తేడా వినపడదు.